లైన్ క్లియర్ లేని దీవి యాత్రలు: టూర్ నిర్వాహకులకు, అధికారులకు బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి సముద్ర దీవులకు విడిది యాత్రలు నడుపుతున్న టూర్ నిర్వాహకులకు, ఆ వ్యాపారాన్ని కనిపెట్టి ఉండవలసిన పర్యాటక, అటవీ, రవాణా అధికారులకు నమస్కారాలు.

నేను కాజీపేట కేంద్రంగా 33 ఏళ్లు రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు కానీ, మా ఇంటి చుట్టుపక్కల నన్నింకా గార్డు సార్ అనే పిలుస్తారు. మా పనిలో బండి కదలాలంటే ముందున్న స్టేషన్ ఒప్పుకుని లైన్ క్లియర్ ఇవ్వాలి, బ్రేకులు సరిగా ఉన్నాయన్న ధ్రువపత్రం చేతికందాలి, దారిలో ఎక్కడెక్కడ వేగం తగ్గించాలో రాసిన కాషన్ ఆర్డరు ఉండాలి. ఇందులో ఏది లేకపోయినా బండి ఆగిపోతుంది. ప్రయాణికులు తిట్టినా సరే, ఆగిపోతుంది. ఇంత జాగ్రత్త నేల మీద, ఇనుప పట్టాల మీద నడిచే బండికే అవసరమైనప్పుడు, వంతెన లేని దీవికి, పిల్లలనూ ముసలివాళ్లనూ వెంటబెట్టుకుని, రాత్రి బసకు వెళ్లే యాత్రకు ఒక్క కాగితమైనా లేకపోవడం ఎలా కుదురుతుందో చెప్పమని అడగడానికే ఈ లేఖ.

గత మాఘమాసంలో పౌర్ణమి మరునాడు మా కాలనీవాళ్లం 31 మందిమి, తలకు 4,200 రూపాయల చొప్పున కట్టి, తూర్పు తీరంలోని ఒక ఇసుక దీవికి వెళ్లాం. నిర్వాహకుడి పేరు రాయడం లేదు. ఒకరిని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు, ఆ పద్ధతి ఆయనొక్కడిదీ కాదు. దీవి పేరు రాయకపోవడానికి మాత్రం వేరే కారణముంది: రాస్తే వచ్చే శనివారానికే అక్కడికి ఇంకో రెండు బస్సులు బయలుదేరతాయి. వాట్సాప్‌లో మాకు వచ్చిన బొమ్మలో నీలి నీళ్లు, కొబ్బరిచెట్లు, ఊయల ఉన్నాయి. ఆ దీవిలో కొబ్బరిచెట్టు ఒక్కటి కూడా లేదు. దాని సంగతి వదిలేద్దాం, బొమ్మలు చూసి మోసపోవడం మన తప్పే.

మధ్యాహ్నం రెండున్నరకు రేవు చేరాం. కాలువలో నీరు మోకాలి లోతుకు పడిపోయి, పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి. పడవతను మా నిర్వాహకుడిని చూసి, "పాటు మీద వచ్చారేంటండీ, పోటు తగిలేదాకా పడవ కదలదు" అన్నాడు. మా నిర్వాహకుడు ఆ మాటను పాట అనుకుని నవ్వాడు. పోటు అంటే నీరు పైకి రావడం, పాటు అంటే వెనక్కి తీయడం అన్న సంగతి తెలియని మనిషి చేతిలో 31 మంది ప్రాణాలు పెట్టుకుని వచ్చామని నాకు అప్పుడు అర్థమైంది. ఐదున్నరకు పడవ కదిలింది. దిగేసరికి చీకటి. గుడారాలు నీటికి దగ్గరగా, బాగా చదునుగా ఉన్న చోట వేశారు. ఆ చోటు అంత చదునుగా ఎందుకుందో ఎవరూ ఆలోచించలేదు. తొమ్మిది దాటాక అలలు వచ్చి దుప్పట్లు తడిపినప్పుడు కారణం తెలిసింది.

మంచినీళ్లకు ఇరవై లీటర్ల క్యాన్లు మూడు తెచ్చారు. వంటకు, తాగడానికి, చేతులు కడుక్కోవడానికి, 31 మందికి కలిపి 60 లీటర్లు. అవి రాత్రికే అడుగంటాయి. వంటమనిషి దిబ్బ వెనుక రెండడుగుల గుంత తవ్వితే ఆశ్చర్యంగా మంచినీళ్లే ఊరాయి. అందరం సంబరపడ్డాం. పది పన్నెండు చెంబులు తోడాక నీరు రుచి మారింది. తొమ్మిదేళ్ల నా మనవరాలు గ్లాసు పెదవులకు ఆనించి, "తాతా, ఇందులో ఉప్పు ఎవరేశారు?" అని అడిగింది. ఎవరూ వేయలేదు. ఇలాంటి దీవుల్లో వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతూ ఉంటుంది. కాస్త ఎక్కువ తోడితే కిందనున్న ఉప్పు పైకి వస్తుంది. ఒక సెలయేరూ చెరువూ లేని చోట అదే మొత్తం నీటి నిల్వ. అక్కడ వేటకు వచ్చి తాత్కాలికంగా ఉండే జాలర్లు తాగేదీ అదే. వాళ్ల గుంతను మేం ఒక్క రాత్రిలో పాడుచేసి వచ్చాం.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు తిరుగు పడవ అని కాగితంలో ఉంది. పడవతను ముందు రోజే పదింటికల్లా సర్దుకుని ఉండమని చెప్పాడట. ఒప్పుకున్న భోజనం పెట్టకపోతే డబ్బు వెనక్కి అడుగుతారని మా నిర్వాహకుడు ఆ మాట మాకు చెప్పలేదు. పది దాటాక నీరు తీయడం మొదలై, ఒంటిగంటకు పడవ ఒడ్డుకు రాలేక దూరంగా ఆగిపోయింది. సాయంత్రం ఆరు దాకా నీడ లేని ఇసుకలో కూర్చున్నాం. షుగర్ ఉన్న ఒక పెద్దావిడ కళ్లు తిరిగి పడిపోయారు. ఆ పడవతనే బురదలో నడిచి వచ్చి రెండు బిందెల నీళ్లు అందించాడు. లేకపోతే ఈ లేఖ ఇంకోలా రాయవలసి వచ్చేది.

తిరిగి వచ్చాక నేను చేసింది ఇది. మొదట నిర్వాహకుడిని అడిగాను. "సముద్రం మా చేతుల్లో ఉంటదా అంకుల్?" అన్నాడు. తరువాత ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను, రసీదు ఉంది. దీవి మన రాష్ట్రంలో లేదు కనుక తమ పరిధి కాదని నెల తరువాత నోటిమాటగా చెప్పారు. తీరప్రాంతంలోని మరో కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. నిర్వాహకుడు తమ జిల్లావాడు కాడన్నారు. రెండోసారి గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకు జవాబే రాలేదు. డబ్బు తీసుకున్నది ఒకచోట, ప్రమాదం ఇంకోచోట అయినంత మాత్రాన మనుషులు ఎవరి పరిధిలోకీ రాకుండా పోతారా? రైలు ఒక డివిజన్ నుంచి ఇంకో డివిజన్‌కు దాటినప్పుడు ప్రయాణికుల బాధ్యత సరిహద్దు స్తంభం దగ్గర దిగిపోదు.

సమస్య మూలం మన అనుభవంలోనే ఉంది. ఓరుగల్లు మనుషులకు దీవి అంటే లక్నవరం. గోవిందరావుపేట మండలంలోని ఆ చెరువు మీద వేలాడే వంతెన ఉంటుంది, దాని మీద నడిచి దీవికి చేరతాం, అక్కడ లైట్లు, భోజనం, బాత్రూం ఉంటాయి. చెరువు నీరు వానాకాలానికి పెరుగుతుంది, ఎండాకాలానికి తగ్గుతుంది. సముద్రంలో నీరు రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి, పౌర్ణమి అమావాస్యల దగ్గర పోటు మరింత ఎత్తుకు వస్తుంది. పుస్తకాల్లో అవరోధ ద్వీపాలని రాసే ఈ ఇసుక దీవులు తీరానికి సమాంతరంగా, అలలూ గాలీ పోగుచేసిన ఇసుకతో ఏర్పడతాయి. వాటికి రాతి పునాది లేదు. పెద్ద తుపానులో అలలు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాటిపోతాయి, ఇసుక అటు ఇటు జరుగుతుంది, నిరుటి కాలువ ఈ ఏడు మూసుకుపోతుంది.

మేం వెళ్లిన చోటుతో సంబంధం లేకుండా, ఉదాహరణకు చెబుతున్నాను. పులికాట్ సరస్సునూ బంగాళాఖాతాన్నీ వేరు చేస్తూ నిలిచిన శ్రీహరికోట ఇలాంటి దీవే. కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అని పిలిచేది గోదావరి మోసుకొచ్చిన మట్టీ ఇసుకతో సుమారు 16 కిలోమీటర్లు సాగిన తిన్నె. కాళేశ్వరం దగ్గర, ఏటూరునాగారం దగ్గర మన కళ్ల ముందు పారిన నీటిలోని ఒండ్రు అందులో ఉంది. తుపాను అలల నుంచి కాకినాడ రేవును అది అడ్డుకుని కాస్తుంది. పక్కనే కోరంగి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించినది. ఇటువంటి చోట్ల ఎక్కడ అడుగు పెట్టవచ్చు, ఎక్కడ రాత్రి ఉండకూడదు అన్నది నిర్వాహకుడి ఇష్టం కాదు. 2019 నాటి తీర నియంత్రణ నిబంధనల్లో ఇసుక దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అన్నిటికన్నా కట్టుదిట్టమైన తరగతిలో ఉన్నాయి.

అలాగని వెళ్లకూడదని నేను అనడం లేదు. సముద్రం లేని ప్రాంతం మనది. అరవై ఏళ్లు దాటాక మొదటిసారి అలలు చూసి, చెప్పులు విప్పి చేతులు జోడించిన మా కాలనీ పెద్దమనిషిని నేను చూశాను. అమెరికాలో నార్త్ కరోలినా తీరాన కేప్ లుకౌట్ అని సుమారు 90 కిలోమీటర్ల పొడవున దీవుల వరుస ఉంది. అక్కడికీ రోడ్డు వంతెన లేదు, పడవలోనే వెళ్లాలి. గుడారం వేసుకుని ఉండనిస్తారు. కానీ నీళ్లు, తిండి ఎవరిది వారే తీసుకువెళ్లాలి, చెత్తంతా వెనక్కి తెచ్చుకోవాలి, నెగడు వేస్తే పోటు వచ్చే గీతకు దిగువనే వేయాలి, పాతిక మందికి మించిన బృందమైతే ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఆ నియమాలు ముందే ప్రకటించి ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు. మనకు అంత దూరం పోల్చుకోనక్కరలేదు కూడా. రెండేళ్లకోసారి మేడారంలో లక్షలాది జనానికి నీళ్లు ఎక్కడ, బస్సులు ఎక్కడ, తప్పిపోయిన పిల్లలు ఎక్కడ అని నెలల ముందు నుంచి లెక్కవేసే యంత్రాంగం మనదే. 31 మందికి ఆ లెక్క వేయడం కష్టమేమీ కాదు.

కనుక నిర్వాహకులనూ అధికారులనూ ఈ కింది విషయాలు కోరుతున్నాను.

1. డబ్బు తీసుకునే ముందే ప్రతి కుటుంబానికీ తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. అందులో దీవి పేరు, అది ఏ శాఖ అధీనంలో ఉంది, రాత్రి బసకు అనుమతి ఉందా, ఉంటే దాని నకలు, పడవ రిజిస్ట్రేషన్, అది మోయగల మనుషుల సంఖ్య, రెండు రోజుల పోటుపాట్ల వేళలు ఉండాలి. తిరుగు ప్రయాణం వేళ భోజనాన్ని బట్టి కాక పోటును బట్టి నిర్ణయించాలి. ఈ వేళలు, అలల హెచ్చరికలు తెలుసుకోవడానికి ఎక్కడికో పోనవసరం లేదు. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఉన్నది సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే. ఇన్‌కాయిస్ అన్న పేరుతో 1999 నుంచి అక్కడే పనిచేస్తోంది, దాని హెచ్చరికలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. కడుపు చేత్తో పట్టుకుని సముద్రంలోకి వెళ్లే జాలరి అవి చూసుకుంటున్నప్పుడు, తలకు 4,200 తీసుకునేవారు చూసుకోకపోవడం సోమరితనం తప్ప మరొకటి కాదు.

2. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీరు తక్కువలో తక్కువ లెక్క. మా బృందానికి రెండు రోజులకు దాదాపు 250 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు 13 కావాలి. పడవ ఆలస్యమైతే పనికివచ్చేలా మరో పూట నీరు విడిగా ఉంచాలి. దీవి మీది గుంతల జోలికి వెళ్లకూడదు.

3. పడవ విషయంలో ఏ మినహాయింపూ ఉండకూడదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం, వరద మీదున్న గోదావరిలో, కచ్చులూరు దగ్గర, పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ మునిగింది. డెబ్బైమందికి పైగా ఉన్న ఆ పడవలో మా కాజీపేట పక్కనే ఉన్న కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. అందరూ తిరిగి రాలేదు. పడవను బయటికి తీయడానికే నెల పైన పట్టింది. ఆ రోజుల్లో ఆ ఊరి మీదుగా నడిచినవాళ్లెవరికీ లైఫ్ జాకెట్ గురించి ఇంకొకరు చెప్పనక్కరలేదు. అయినా మొన్న మా పడవలో 31 మందికి 12 జాకెట్లే ఉన్నాయి, అందులో పిల్లలకు సరిపోయేది ఒక్కటీ లేదు. ఎక్కే ప్రతి మనిషికీ ఒంటికి సరిపోయే జాకెట్, తొడిగి బకిల్ పెట్టాకే పడవ కదలాలి. చీకటిలో దీవిలో దిగడం పూర్తిగా ఆపాలి.

4. జనవరి నుంచి మార్చి వరకు తూర్పు తీరంలో సముద్రపు తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి ఇంచుమించు వంద గుడ్లు. పొదిగి పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది, ఆ పిల్లలు వెలుగును చూసి సముద్రమనుకుని దారి తప్పుతాయి. మా బృందం వేసిన నెగడు, పెట్టిన డీజే లైట్లు సరిగ్గా ఆ నెలల్లోనే. తెల్లవారి నడకకు వెళ్తే ఇసుకలో ట్రాక్టరు టైరు అచ్చు లాంటి గుర్తు కనిపించింది. నీటి నుంచి నేరుగా పైకి వచ్చి, మా నెగడుకు నలభై అడుగుల దూరంలో ఆగి, గుంత తవ్వకుండానే వంపు తిరిగి మళ్లీ నీటిలోకి వెళ్లింది. ఆ గుర్తు పక్కన నిలబడి కొందరు సెల్ఫీలు దిగారు. నాకు మాత్రం ఒకరి పురిటి గది ముందు బ్యాండు వాయించి వచ్చినట్టుగా ఉండింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ తాబేళ్లకు అన్నిటికన్నా గట్టి రక్షణ ఇస్తోంది. ఆ మూడు నెలలూ, గుడ్లు పిల్లలయ్యే ఆపై కాలమూ ఇసుక దీవుల్లో రాత్రి బసలు అమ్మడం ఆపాలి. పగటి యాత్రలు పెట్టుకోండి.

5. గుడారాలకు ఆరంగుళాల మేకులు చెరువు గట్టు మీద పనికివస్తాయి, వదులు ఇసుకలో పనికిరావు. సముద్రపు గాలికి మా గుడారాలు నాలుగు ఊడి దొర్లిపోయాయి. పొడవాటి వెడల్పు మేకులో, ఇసుక నింపి పాతే సంచులో కావాలి. పోటు గీతకు పైన, దిబ్బల మీది మొక్కలను తొక్కకుండా వేయాలి. రావణాసురుని మీసాలని పిలిచే ఆ ముళ్ల గడ్డీ, ఇసుక మీద పాకే తీగలే దిబ్బను పట్టి ఉంచుతాయి.

6. మరుగుదొడ్డి ఏర్పాటు లేకుండా ఆడవాళ్లను రాత్రి బసకు తీసుకుపోకండి. మా బృందంలోని స్త్రీలు సాయంత్రం నుంచి నీళ్లు తాగడమే మానేశారు. ఇంతకు మించి వివరించనక్కరలేదనుకుంటాను.

7. ప్రథమ చికిత్స తెలిసినవారు ఒకరు, ఫోన్ సిగ్నల్ లేని చోట తీరంతో మాట్లాడే సాధనం ఒకటి, దీవికి వెళ్లినవారి పూర్తి జాబితా రేవులో ఒకటి ఉండాలి. తీర రక్షక దళం అత్యవసర నంబరు 1554 అన్న సంగతి మా బృందంలో ఒక్కరికీ తెలియదు, నాతో సహా.

8. వాతావరణం బాగాలేక యాత్ర ఆపితే డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వాలి. ఇది డబ్బు గురించి మాత్రమే కాదు. వెనక్కి ఇవ్వవలసి వస్తుందన్న భయమే నిర్వాహకుడిని పడవతని మాట వినకుండా చేస్తోంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలంలో ముందే తేదీలు అమ్ముకుని కూర్చుంటే జరిగేది ఇదే.

అధికారులకు వేరుగా ఒక మనవి. మీ పరిధి కాదన్న జవాబు నాకు చెప్పారు కనుక చట్టం తిరగేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. సేవ ఎక్కడ అందిందన్నది అడ్డం కాదు. ఒక సామాన్యుడికి చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటును కార్యాలయాలు కూడా ఇవ్వాలి. మన జిల్లాల్లో దీవి యాత్రలు అమ్మేవారందరి పేర్లు నమోదు చేయించండి. పైన చెప్పిన కాగితం నకలు బయలుదేరడానికి వారం ముందు మీకు చేరేలా ఆదేశించండి. తీరప్రాంత అటవీ కార్యాలయాలతో నేరుగా మాట్లాడి, ఏ దీవిలో ఏ నెలల్లో ప్రవేశం ఉందో తెలుగులో పట్టిక వేసి బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో అతికించండి. కాజీపేట స్టేషన్‌లో అతికించడానికి మనిషి కావాలంటే నేను వస్తాను.

నిర్వాహకులు మా మీద కోపం పెట్టుకోవద్దు. మీలో చాలామంది ఉద్యోగం దొరక్క, అప్పు తెచ్చి ఈ పనిలోకి దిగిన యువకులని నాకు తెలుసు. మంచి పేరు వస్తే ఈ పని నిలబడుతుంది, ఒక్క పడవ తిరగబడితే అందరి దుకాణాలూ మూతబడతాయి.

ఈ లేఖ ప్రతులను, మా బృందంలో 26 మంది సంతకాలతో, సంబంధిత కార్యాలయాలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మిగతా ఐదుగురు పిల్లలు. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి ఫిర్యాదు సిద్ధం చేసి ఉంచాను.

ఇట్లు,
రిటైర్డ్ రైలు గార్డు,
కాజీపేట, హనుమకొండ జిల్లా